పలుకని బిడ్డ – తల్లిదండ్రుల యెఱుక

మన తెనుగువారు ఎచ్చట స్థిరపడినను పిల్లల ముద్దుమాటలయందు మిక్కిలి మక్కువ గలవారు. బిడ్డ తొలిసారి 'అత్త' యన్నను, 'తాత' యన్నను ఆ వార్త ఇరుగుపొరుగుల కందఱకు చెప్పిగాని మనకు నిద్రపట్టదు. పరభాషల నడుమ కాపురముండు మనకు ఈ మక్కువ మఱికొంత హెచ్చు. బిడ్డ నోట తెనుగు వినబడినప్పుడు, తాతముత్తాతలు మూటగట్టి తెచ్చుకొన్న సొత్తు ఇంకొక తరమునకు అందినదని తృప్తి కలుగును. కావుననే, ఈడు వచ్చియు మాట రాని బిడ్డ యున్న యింట దిగులు కూడ రెట్టింపుగా నుండును. దిగులు వెంబడి నింద వచ్చును. తల్లి సరిగా పెంచలేదందురు, తండ్రి పట్టించుకొనలేదందురు, ఇంట రెండు భాషలగుటచే చెడినదందురు, గ్రహములు బాగుండలేదందురు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది యొక్కటే. బిడ్డను కనిపెట్టి చూచుట వేఱు, నింద మోపుటకు మనిషిని వెదకుట వేఱు. మొదటిది బిడ్డకు మేలు చేయును. రెండవది బిడ్డకు దక్కవలసిన కాలమును హరించును.

మేము వైద్యులము కాము, పండితులము కాము. మెట్రిక్యులేషన్ వఱకు చదివి, బరంపురమున పురపాలక కార్యాలయములో గుమాస్తాగా 34 సంవత్సరములు పనిచేసి విరమించిన వారము. మా పూర్వులు ఈ యూరికి వచ్చి నాలుగు తరములైనది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు ఊరు ఆ రాష్ట్రమునకు చెందినది గాని మా పెద్దలు ఇల్లు కదలలేదు. ఇంట తెనుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, టెలివిజనులో హిందీ – ఇది మా వంటి వారందఱి స్థితియే. మా యింట మా మనుమనికి ఆటిజమను స్థితి కలదు. ఆ కారణమున మేము తెలిసికొన్న సంగతులు మఱి నాలుగు కుటుంబములకు ఉపయోగపడునేమో యను ఆశతో ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మా మనుమనికి ఇప్పుడు తొమ్మిదవ యేడు. వానికి రెండేండ్లు నిండునప్పటికే మా కోడలు కొన్ని సంగతులను కనిపెట్టెను. పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు. కాని అటుకుల డబ్బా మూత చప్పుడైన చాలు, పెరటిలో నుండియైనను పరుగెత్తి వచ్చును. ఆకాశమున విమానము పోవుచుండగా తక్కిన పిల్లలు వ్రేలు చూపి కేకలు వేయుదురు. వీడు వ్రేలు చూపడు, మనము చూపినవైపు చూడడు. ఏదైన కావలసి వచ్చినయెడల మా చేయి పట్టుకొని ఆ వస్తువు దగ్గఱకు లాగికొనిపోవునే గాని మా ముఖము వంక చూడడు. ఆట కారు ఇచ్చినయెడల నడపడు. తలక్రిందులు చేసి దాని చక్రమును గంటసేపు త్రిప్పుచుండును. చెప్పులను గోడ ప్రక్కన వరుసగా పెట్టును. ఒక్కటి తొలగినను ఏడ్చును.

మా కోడలు ఈ సంగతులు చెప్పినప్పుడు వచ్చిన సమాధానములు ఈ సంచిక చదువు వారికి క్రొత్తవి కావు. "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలు వచ్చాయమ్మా" అని యొక పెద్దమ్మ. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని వేఱొక బంధువు. ఇంతలో 2020 వచ్చినది. కరోనా మూలమున ఇండ్ల తలుపులు మూతపడినవి. అప్పుడు క్రొత్త కారణము దొఱకినది: "సాటి పిల్లలతో కలియక ఇట్లయినది, తలుపులు తీసిన తరువాత వాడే మాటలాడును" అనిరి. కొందఱు ఇంకొక మెట్టు దిగి, తల్లి ఫోను చేతికిచ్చి ఊరకున్నదనియు, బిడ్డతో ముచ్చటింపలేదనియు పలికిరి. ఆ మాట యనిన వారు మా కోడలు రాత్రి పొద్దుపోవు వఱకు ఆ బిడ్డను భుజమున వేసికొని వరండాలో తిరుగుటను చూడనివారు.

ఇక ఆటిజ మనగా నేమో మేము గ్రహించినంత వఱకు చెప్పెదము. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, మొండితనము కాదు. పుట్టుకకు పూర్వమే మెదడు పెరుగుదలలో మొదలగు భేదము. దానివలన ఇతరులతో కలియుట, మాటలను సైగలను గ్రహించుట కష్టమగును. చేసిన పనినే మఱల మఱల చేయుట, ఒకే క్రమమును పట్టుకొనియుండుట, శబ్దము వెలుతురు స్పర్శలకు మితిమీరి చలించుట, లేక అసలు చలింపకుండుట కానవచ్చును. ఇద్దఱు పిల్లలయందు ఒకే రీతిగా నుండదు. ఒకడు జీవితమంతయు మాటలాడకపోవచ్చును; మఱియొకడు అనర్గళముగా మాటలాడియు స్నేహమొకటి నిలుపుకొనలేకపోవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్క ప్రకారము 2021లో లోకమునందు ప్రతి 127 మందిలో ఒకరు ఇట్టివారు. ఆడపిల్లలకంటె మగపిల్లలయందు హెచ్చుగా కనుగొనబడుచున్నది. ఆడపిల్లలయందు లక్షణములు మఱుగుపడి ఆలస్యముగా బయటపడుటయు కలదు. కావున 'ఆడపిల్ల, సిగ్గరి' యని ఊరకుండరాదు.

ఈ స్థితిని వైద్యలోకమునకు విశదముగా తెలిపినవాడు అమెరికాలోని బాల్టిమోరు నగరమున నుండిన లియో కానర్ అను వైద్యుడు. 1943లో ఆయన 11 మంది పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఈ బాలుని కథలో మమ్ము ఆకర్షించిన దొకటి కలదు. కానర్ ఆ బాలుని చూచుటకు పూర్వమే, బాలుని తండ్రి యగు న్యాయవాది, తన బిడ్డ తినుట, ఆడుట, పలుకుట, కోపించుట మొదలైన వన్నియు వివరించుచు 33 పుటల లేఖ టైపు చేయించి పంపెను. ఆ లేఖలోని సంగతులే కానర్ వ్యాసమున మొదటి కేసుకు ఆధారమైనవి. అనగా ఆటిజమును గూర్చిన ఆ వర్ణన వైద్యుని గదిలో కాదు, ఇంటిలో, తల్లిదండ్రుల కన్నులలో పుట్టినదన్నమాట. అంతకు పూర్వము ఆ బాలుని ఒక సంస్థలో నుంచిరి. వానిని అచ్చటనే విడిచియుంచుడని అక్కడి వారు చెప్పినను, తల్లిదండ్రులు వినక ఇంటికి తెచ్చుకొనిరి. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై తన యూరి బ్యాంకులో పెక్కేండ్లు పనిచేసెను, కారు నడపెను, ఒంటరిగా దేశదేశములు తిరిగెను, 2023లో, 89 ఏండ్ల వయసున కాలము చేసెను. పిల్లలందఱును ఇట్లే యగుదురని మేము చెప్పుట లేదు. మూడేండ్ల వయసున చూచి ముప్పదియేండ్ల జీవితమును తీర్పు చెప్పరాదని మాత్రమే మనవి.

తల్లిని నిందించుట మన వీధి యరుగులకే పరిమితమని తలపరాదు. పాశ్చాత్య పండితులును ఆ పొరపాటులో చాలకాలము మునిగియుండిరి. 1949లో కానరే ఈ పిల్లల తల్లిదండ్రులు ప్రేమ చూపని చల్లని మనుష్యులని వ్రాసి, వారి ఇండ్లను శీతల పేటికలతో పోల్చెను. చికాగోలో నుండిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక పెద్ద గ్రంథమున తల్లుల నిరాదరణమే కారణమని వాదించెను. ఎందఱు తల్లులు ఆ మాట విని క్రుంగిపోయిరో! ఈ వాదమును ముందుగా ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన స్వయముగా ఆటిజము గల బాలుని తండ్రి. 1964లో ప్రకటించిన గ్రంథమున ఇది శరీరమునకు, మెదడునకు సంబంధించిన స్థితియే గాని పెంపక దోషము కాదని యుక్తులతో నిరూపించెను. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలిచి, మీరు నిర్దోషులని బహిరంగముగా చెప్పెను. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అను వైద్యులు 21 జంటల కవలలను పరీక్షించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలయందు ఇద్దఱు పిల్లలకును ఆటిజము కనబడెను. వేర్వేఱు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటయందును అట్లు కనబడలేదు. ఒకే తల్లి, ఒకే యిల్లు, ఒకే పెంపకమైనను భేదము వచ్చినదనిన, మూలము పెంపకమున లేదు, పుట్టుకలో నున్నదని తేలినది. టీకాలవలన వచ్చినదను మాటయు ఇట్టిదే. 1998లో ఇంగ్లండున వెలువడిన ఒక వ్యాసము తట్టు టీకాను శంకించినది. పరిశోధనలు దానిని నిలువనీయలేదు. 2010లో ఆ పత్రికయే ఆ వ్యాసమును ఉపసంహరించుకొన్నది. బిడ్డకు టీకాలు మానరాదు.

ఈ చరిత్ర అంతయు చెప్పుటకు కారణము కలదు. మన యిండ్లలో కోడలిని నిందించు పెద్దలు దుష్టులు కారు. వారికి కారణము కావలెను, కారణము తెలియదు, ఎదుట నున్న మనిషి కోడలు. పండితులకు ముప్పదియేండ్లు పట్టిన విషయమును మనము ముప్పది నిమిషములలో తెలిసికొనగలుగుట ఈనాటి యదృష్టము.

ఇక కనిపెట్టవలసినవి. ఏడాది నిండిన బిడ్డ పేరు పిలిచినప్పుడు తిరిగి చూడవలెను. ఏడాది దాటిన పిమ్మట కావలసిన దానిని, వింతయైన దానిని వ్రేలితో చూపవలెను, టాటా చెప్పవలెను. పదునాఱు నెలలకు ఒంటిమాటలు, రెండేండ్లకు 'అమ్మా రా', 'పాలు ఇయ్యి' వంటి జంటమాటలు రావలెను. రానియెడల వేచియుండరాదు. వచ్చిన మాటలు పోయినయెడల, అది ఏ వయసైనను, వెంటనే చూపవలెను. మాటలు వచ్చుటయే చాలదు, వానిని వాడు తీరును గమనింపవలెను. మా మనుమనికి దాహమైనప్పుడు "నీళ్లు తాగుతావా?" అనును. మేము వానిని అడుగు ప్రశ్ననే వాడు మాకు అప్పగించును. ఇది వెక్కిరింత కాదు. దాహము, నీళ్లు, ఆ వాక్యము – మూడును వాని మనసులో ఒక్కటిగా ముడిపడినవి. 'నేను', 'నీవు' అను మార్పు వానికి అందలేదు. కానర్ 1943లోనే ఇట్టి మాటలను గుర్తించెను. ఇట్టప్పుడు బిడ్డను గద్దింపక, "నాకు నీళ్లు కావాలి" అని వాని తరఫున మనమే చెప్పి నీళ్లియ్యవలెను. వేయిసార్లు చెప్పవలసి వచ్చును. వేయిన్నొకటవసారి వాడు చెప్పును.

మేము ఉద్యోగమున చాలకాలము జనన మరణముల రిజిస్టరు వ్రాసినవారము. ఎన్ని వేల మంది పిల్లల పుట్టుక మా చేతిమీదుగా నమోదైనదో! కాని పుట్టిన బిడ్డ ఎట్లు పెరుగుచున్నదో వ్రాయు గడి ఆ పుస్తకమున లేదు. ఆ గడిని ఇంటివారే గీసికొనవలెను. మా మనుమని విషయమున మేము ఒక గీతల పుస్తకము కొని నాలుగు గళ్లు గీసితిమి: తేదీ వేళ, ఏమి జరిగినది, దానికి ముందేమి జరిగినది, పిదప మేమేమి చేసితిమి. ఒక వేసవిలో వాడు మూడు వారములపాటు సాయంకాలము చెవులు మూసికొని గోడకు తల కొట్టుకొనుచుండెను. దిష్టి యని కొందఱు, కడుపునొప్పి యని కొందఱు అనిరి. పుస్తకము తిరగవేసి చూడగా ఆ వేళకు ముందు గడిలో ప్రతిసారి ఒకే మాట యున్నది: ప్రక్కయింటి నీటి మోటారు. మనకు చిన్న గురగుర. వానికి చెవిలో మేకు. ప్రక్కయింటి వారితో చెప్పగా వారు మంచి మనసుతో మోటారు వేయు వేళ మార్చిరి. నాటితో ఆ బాధ తీఱినది. ఈ పుస్తకము డాక్టర్లకు కూడ మిక్కిలి యుపయోగపడును. పది నిమిషముల పరీక్షలో బిడ్డ చూపని దానిని పది నెలల పుస్తకము చూపును.

2021 తొలి నెలలలో పిల్లవానిని విశాఖపట్టణము తీసికొనిపోతిమి. మొదట చెవిని పరీక్షించిరి. వినికిడి లోపమేమో యను సందేహము ముందు తీఱవలెను గదా! వినికిడి బాగున్నది. పిమ్మట పిల్లల మానసిక వైద్యులు ఆటవస్తువులిచ్చి చూచి, మా పుస్తకము చదివి, తల్లిని గంటసేపు ప్రశ్నించి, ఆటిజమని తేల్చిరి. రక్తపరీక్షతోనో, స్కానుతోనో తేలునది కాదిది. చూచి, అడిగి, కొలిచి చెప్పవలసినదే. ఆ దినమున మా కోడలు రైలులో కన్నీరు పెట్టుకొన్నది. "మామయ్యగారూ, ఏడుపు దేనికంటే, నేను చెప్పింది నిజమే అని ఒకళ్లైనా అన్నందుకు" అనెను. ఆ మాట మాకు ఎన్నటికి మఱపునకు రాదు.

ఇక మన సమాజమునకు ముఖ్యమైన భాష సంగతి. విశాఖ వెళ్లుటకు పూర్వము ఒక సలహాదారు మా వారితో, "బిడ్డకు రెండు భాషలు బరువు, ఇంట తెనుగు మానివేయుడు, బడికి పనికివచ్చు భాష యొక్కటే మాటలాడుడు" అని చెప్పిరి. ఇట్టి సలహా బెంగుళూరులోను, షోలాపూరులోను, చెన్నపట్టణములోను మనవారికి వినబడుచున్నదని బంధుమిత్రుల వలన వింటిమి. మా కోడలు ఇచ్ఛాపురము ఆడపడుచు. ఒడియా బజారు మాటల వఱకే వచ్చును. మా సహధర్మచారిణికి తెనుగు దప్ప వేఱు నోరు లేదు. మా కోడలు అన్న మాట ఇది: "అత్తయ్యగారూ, వాడు భయపడి ఏడుస్తుంటే ఏ భాషలో ఊరుకోబెట్టను? వచ్చీరాని భాషలో బుజ్జగిస్తే నాకే అది అబద్ధంగా ఉంటుంది." తెనుగు మానలేదు. విశాఖలో అడుగగా అచ్చటి వారును, తల్లికి హృదయమునుండి వచ్చు భాషయే బిడ్డకు మంచి భాష యని చెప్పిరి.

ఇది అభిమానము కొలది చెప్పిన మాట కాదు. 2012లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున హాంబ్లీ, ఫాంబోన్ అను పరిశోధకులు ఆటిజము గల పిల్లలలో ఒక భాష వినువారిని, రెండు భాషలు వినువారిని పోల్చి చూచిరి. రెండు భాషల పిల్లలు ఆ కారణమున వెనుకబడలేదని తేలినది. తరువాత వచ్చిన పరిశోధనలును ఇదే దారిన నడచినవి. రెండు భాషలు ఆటిజమును కలిగింపవు, పెంచవు. పైపెచ్చు, ఇంటి భాష మానినయెడల తల్లి మాటలు తగ్గును, అవ్వ మాటలు నిలిచిపోవును, ఇంటిలో పదిమంది మాటలాడుకొనుచుండగా బిడ్డ యొక్కడే వెలియగును. మాట కఱవైన బిడ్డకు మాటలు తగ్గించుట మందు కాదు గదా!

దీనికి మా యింటనే ఒక సాక్ష్యము కలదు. మా యూరిలో రెండేండ్ల కొకసారి చైత్రమాసమున బూఢీ ఠాకురాణి యాత్ర జరుగును. నేతపని చేయు మన తెనుగువారికి ఆ యాత్రలో పెద్దపాత్ర యున్నదని ఈ ప్రాంతమువారికి తెలియును. రాత్రులందు డప్పులు, వేషములు, దీపములు, ఇసుక వేసిన రాలని జనము. బిడ్డకు మాట వచ్చినయెడల వేషము కట్టించెదమని మ్రొక్కుకొను వాడుక కలదు. మా సహధర్మచారిణియు మ్రొక్కుకొన్నది. దేవత యందలి నమ్మకమును మేము కాదనము. అది పెద్దలకు ధైర్యము. కాని ఆ చప్పుడులోనికి ఆ బిడ్డను తీసికొనిపోవుట వానికి శిక్ష యగునని, పిల్లవానిని ఇంటనే యుంచి, దర్శనము పెద్దలమే చేసికొంటిమి. వానికి ఆఱవ యేడు నడచుచుండగా వచ్చిన యాత్రలో, ఒక రాత్రి డప్పులు మా వీధి మొగకు వచ్చినవి. వాడు వణకుచు అవ్వ చేయి పట్టుకొని కిటికీ దగ్గఱకు లాగి, "తలుపు మూయనా?" అనెను. అది ప్రతి రాత్రి మా సహధర్మచారిణి వంటయింటి తలుపు మూయుచు మమ్ము అడుగు ప్రశ్న. వాడు దానిని ఏండ్ల తరబడి విని, దాచుకొని, తనకు అవసరమైన క్షణమున తీసి వాడుకొన్నాడు. అడుగక లాగుట మాత్రమే యెఱిగిన బిడ్డ నోటితో అడిగిన తొలి కోరిక అది. అవ్వ కిటికీ మూసి, వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, తెల్లవారు వఱకు అట్లే యున్నది. ఇంట తెనుగు మానియుండినయెడల ఆ మాట వానికి ఎచ్చట దొఱకును?

చికిత్స మాటకు వచ్చిన, ఆటిజమును మాన్పు మాత్ర లేదు. నిద్ర, మూర్ఛ, అమితమైన కలవరము వంటి తోడు బాధలకు మందులున్నవి. తక్కినదంతయు నేర్పుటయే. బొమ్మల చీటీలు గోడకు వరుసగా తగిలించి లేచుట, పండ్లు తోముకొనుట, తినుట, బడి అని దినచర్యను చూపుట. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయుట. చేసిన వెంటనే మెచ్చుకొనుట. మార్పు రానున్నప్పుడు ముందుగా చెప్పుట – ఇవి ఇంటివారు చేయదగినవి. వారమున కొక గంట థెరపీ కంటె ఇంటిలో దినమునకు పది మాఱులు జరుగు చిన్న పాఠము విలువైనది. మాట రాని బిడ్డకు బొమ్మల చీటీతో అడుగుట నేర్పిన, మాట ఇక రాదని కొందఱు భయపడుదురు. అది నిజము కాదు. పూర్తిగా నయముచేసెదమను ప్రకటనలకు లోబడరాదు. మూలకణముల చికిత్స యని లక్షల రూపాయలు గుంజువారు కలరు. 2017 నాటి జాతీయ మార్గదర్శకములు కొన్ని రక్తవ్యాధులు మొదలగు ఆమోదిత సందర్భములకు దప్ప అట్టి చికిత్సలను పరిశోధనగానే పరిగణించినవి. అమ్మిన పొలము మఱల రాదు.

ఈ విషయమున మన దేశమున దారి వేసినవారు కూడ తల్లిదండ్రులే. ఆటిజము గల బాలుని తల్లి యగు మెర్రీ బరువా 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను స్థాపించిరి. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజమునకు పేరే లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టము వచ్చినది. 2016 చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, అందు ఆటిజమును చేర్చినది. నూటికి 40 పాళ్లు వైకల్యమున్నట్లు ధ్రువపత్ర మున్న బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వఱకు దగ్గఱి బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువు హక్కు కలదు. జాతీయ ట్రస్టు వారి నిరామయ బీమా ద్వారా ఏడాదికి లక్ష రూపాయల వఱకు వైద్యవ్యయము లభించును. 'మా తరువాత వీని గతి యేమి?' అను ప్రశ్న ప్రతి తల్లిదండ్రుల గుండెలో నుండును. ఆ చట్టము క్రిందనే, జిల్లా కలెక్టరు గల సమితి ద్వారా, 18 ఏండ్లు నిండిన వానికి సంరక్షకుని ఏర్పఱచుకొను వీలున్నది. కాగితములు వ్రాసిన చేయి గనుక చెప్పుచున్నాము: ధ్రువపత్రము తీసికొనుటకు సిగ్గుపడకుడు. అది బిడ్డకు వేసిన ముద్ర కాదు, బిడ్డకు తెఱచిన తలుపు.

చూపించుకొనుటకు చోట్లు మనవారున్న ప్రాంతములన్నిట కలవు. కర్ణాటకమున బెంగుళూరు నిమ్హాన్సు, మైసూరులో 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. తమిళనాట చెన్నపట్టణము చేరువ ముట్టుకాడున బహుళ వైకల్యముల జాతీయ సంస్థ. ఒడిస్సాలో కటకము సమీపమున ఓలాట్‌పూరు పునరావాస సంస్థ. మహారాష్ట్రమున ముంబయిలో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ. యానాము వారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి చేరువ. సికిందరాబాదులోని మేధావైకల్యముల జాతీయ సంస్థ తెనుగువారందఱకు అందుబాటులో నున్నది. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకము క్రింద పెక్కు జిల్లా ఆసుపత్రులలో పసిపిల్లలను ఉచితముగా పరీక్షించు కేంద్రములు ఏర్పడినవి. ముందుగా అచ్చట విచారించుట మేలు.

కడపట మన సంఘములకు ఒక విన్నపము. ఉగాదికి, దసరాకు మనము సభలు జరుపుకొందుము. మైకుల హోరున ఇట్టి బిడ్డలు గల తల్లులు మొదటి పాటకే లేచి ఇంటికి పోవుదురు. రెండవ యేడు అసలు రారు. సభాభవనమున ఒక చిన్న గదిని నిశ్శబ్దముగా ఉంచి, నాలుగు ఆటవస్తువులు, ఒక చాప వేసియుంచిన చాలు, ఆ తల్లియు పండుగ చూడగలుగును. బిడ్డ చెవులు మూసికొనినను, గిరగిర తిరిగినను తేఱిపాఱ చూడకుడు. "ఇంకా మాటలు రాలేదా?" అని అడుగకుడు, "వీడికి ఏమంటే ఇష్టం?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు తల్లి ముఖము ఎట్లు వెలుగునో మీరే చూతురు. తెనుగు చదువవచ్చిన యువకులు దినచర్య బొమ్మల చీటీలను తెనుగు మాటలతో తయారుచేసి పంచినయెడల, ఒక్కొక్క సంఘమునకు ఖర్చు కొద్ది, పుణ్యము హెచ్చు.

బిడ్డ పలికినను పలుకకున్నను మన బిడ్డయే. వానిని వినుటకు మన చెవులను, చూచుటకు మన కన్నులను సిద్ధపఱచుకొనుట మన వంతు. ఈ సంచిక చదువు కుటుంబములలో ఒక్క తల్లియైనను నిందనుండి విడివడి, ఒక్క బిడ్డయైనను ఒక్క యేడు ముందుగా వైద్యుని చేరినయెడల మా శ్రమ ఫలించినదని తలంచెదము. సర్వేజనులకు శుభమగుగాక.